సుకుమారి అభ్యంతరం

సత్యరాజుది పెద్ద గొంతు. పటాన్‌చెరులో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు. మిషన్ల మోత మీదుగా మాట్లాడీ మాట్లాడీ, ఇంట్లో వాళ్లమ్మను ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చేవారు. అందుకే సంగారెడ్డిలో మా చర్చి కోత పండుగకు హర్రాజు, అంటే వేలంపాట, నడిపే పని ఏటా అతనికే అప్పజెప్పేవాళ్లం. మైకు కిరాయి మిగిలేది.

కోత పండుగనాడు సంఘంలో ఎవరికి పండింది వాళ్లు చర్చికి తెస్తారు. వడ్లు, జొన్నలు, కోళ్లు, కాయగూరలు. ఆరాధన అయ్యాక వాటిని ముందరి వాకిట్లో హర్రాజు వేస్తారు. తన కోడిని తానే పోటీపడి కొనుక్కుని ఇంటికి మోసుకుపోయేవాళ్లు కూడా మా సంఘంలో ఉన్నారు.

1973లో ఒక గుమ్మడికాయ వచ్చింది. పసిపిల్లవాడంత ఉంది. సత్యరాజు దాన్ని రెండు చేతులా ఎత్తి అరుస్తుంటే, చర్చి లోపలి నుంచి ఒక ఆడగొంతు పాట పెంచుకుంటూ పోయి దక్కించుకుంది.

"ఎవరమ్మా పాడింది? వచ్చి తీస్కపోన్రి."

గడప అవతల నిలబడి ఉంది ఆమె. మణికట్టు దాకా జాకెట్టు చేతులు, తల మీద కొంగు, నీడలో ఉండి కూడా చేతిలో నల్ల గొడుగు. పేరు సుకుమారి. హెడ్‌మాస్టరుగా రిటైరై మెదక్ నుంచి మా ఊరొచ్చిన జ్ఞానప్రకాశం సారు కూతురు. పటాన్‌చెరు బడిలో టీచరు.

"జెర తెచ్చియ్యున్రి. నేను ఎండలకు రాను."

"పాడినోళ్లే వచ్చి తీస్కోవాలె టీచరమ్మా. అది రూలు. మేమందరం ఎండలనే ఉన్నం, కరిగిపోయినమా?"

"మీరు కరగరు. ఆ నమ్మకం నాకున్నది."

వాకిలంతా నవ్వింది. సత్యరాజు ఆ కాయను మోసుకెళ్లి గడప మీద పెట్టాడు.

"రంగు తగ్గుతదని భయమా?" అన్నాడు, అతని లెక్కన గుసగుసగా. వాకిలి చివర ఉన్న నాకు కూడా వినబడింది.

"అవును," అంది సుకుమారి. అసలు సంగతి చెప్పడం కంటే ఆ జవాబు చిన్నది.

సత్యరాజు ఆ రోజంతా ఆమెను తిట్టుకున్నాడు. మర్నాడూ తిట్టుకున్నాడు. ఒక మనిషిని అన్ని రోజులు తిట్టుకుంటున్నామంటే అది ఇంకేదో అని అతనికి తట్టలేదు.

ఆ తర్వాతి సోమవారమో మంగళవారమో, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వచ్చే సాయంత్రం బస్సు. ఎడమ పక్క ముందు సీట్లు ఆడవాళ్లవి. రెండు ఖాళీగా ఉన్నాయి. సుకుమారి వాటిని దాటి వచ్చి, కుడి పక్క కిటికీ దగ్గర కూర్చున్న సత్యరాజు ముందు ఆగింది.

"జెర జరుగుతరా?"

"లేడీస్ సీట్లు అటున్నయి."

"అటు ఎండ ఉన్నది."

"ఇటు నేనున్న."

"మిమ్మల్నయితే భరిస్త. ఎండను భరించలేను."

పెళ్లికాని ఆడపిల్ల మగవాడి పక్కన కూర్చోవడం ఆ రూట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. కండక్టరు లింగం ఒక్క మనిషికి రెండు టికెట్లు కొట్టాడు. రుద్రారం దాకా బస్సులో ఎవరూ మాట్లాడలేదు. కంది దగ్గర ఒక ముసలాయన, "కాలం ఖరాబైంది," అన్నాడు. సుకుమారి ఆయన వైపు తిరిగి మర్యాదగా, "అవును తాతా, నవంబర్ల గూడ గింత ఎండేంది," అంది.

ఆ మర్నాటి నుంచి సత్యరాజు కుడి పక్క సీటు మీద తన టిఫిను డబ్బా పెట్టి ఉంచడం మొదలుపెట్టాడు. ఎందుకని లింగం అడిగితే, డబ్బాకు ఎండ పడదని చెప్పాడు.

శీతాకాలం అట్లాగే గడిచింది. ఆమె అతని గొంతును వెక్కిరించేది, అతను ఆమె గొడుగును వెక్కిరించేవాడు. మార్చిలో ఒక వారం ఆమె బస్సుకు రాలేదు. వచ్చిన రోజు ముఖం ఉబ్బి ఉంది. స్టాపులో గొడుగు తెరవబోయి, తెరవలేక అతనికిచ్చింది.

"జెర తెరవండి. వేళ్లు వంగుతలేవు."

సత్యరాజు గొడుగు తెరిచాడు. వెక్కిరించడానికి ఏమీ దొరకలేదు. ఆమె కొంగు వెనక్కి జరిపింది. రెండు చెంపల మీదా, ముక్కు దూలం మీదుగా కలుపుతూ ఎర్రటి మచ్చ.

"ఇదే నేను కాపాడుకుంటున్న రంగు," అంది.

"ఏమైంది?"

"లూపస్ అంటరు. హైదరాబాద్ పెద్ద దవాఖానల నెత్తురు పరీక్ష చేసి చెప్పిన్రు. లాటిన్ భాషల ఆ మాటకు తోడేలని అర్థమట."

"కరుస్తదా?"

"నన్నే కరుస్తది. అంటుకోదు, మీరేం జరగక్కరలేదు."

"నేను జరగలే."

నిజంగానే జరగలేదు. సుకుమారి అది గమనించింది.

"అందరి ఒంట్ల రోగంతోటి కొట్లాడే బలం ఒకటుంటది గద. బయటి క్రిములొస్తే తరిమికొడ్తది. నాకేమో అది బయటోళ్లెవరు, ఇంటోళ్లెవరు గుర్తుపడ్తలేదు. నా కీళ్లనే కొడ్తది, నా చర్మాన్నే కొడ్తది. కిడ్నీల దాక పోకుండ చూసుకోవాలన్నరు. ఎండ తగిల్తే ఇంక రెచ్చిపోతది."

"మా ఫ్యాక్టరీ గేటు కాడి పెంటయ్య మామ లెక్క," అన్నాడు సత్యరాజు.

"ఆయనకు గూడ ఉన్నదా?"

"ఆయనకు లేదు. ఆయనే ఆ బీమారి. దొంగలు వెనుక గోడ దుంకి పోతరు. ఈయన గేటు కాడ మమ్మల్నే జేబులు దులుపుతడు. మొన్న మేనేజరుని ఆపి, నువ్వెవ్వడివి అన్నడు."

సుకుమారి నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

"ఎందుకొచ్చిందట?"

"తెల్వదన్నడు డాక్టరు. అంతకుముందు చూసిన డాక్టర్లు అందరికీ తెలుసు. రక్తం తక్కువన్నరు, వాతమన్నరు, పెండ్లయితే పోతదన్నరు. తెల్వదన్న మొదటి డాక్టరు ఈయనే. అందుకే ఈయనను నమ్మిన."

"పోతదా?"

"పోదు. తగ్గుతది, మళ్ల లేస్తది. గోలీలు మింగుతుండాలె. ఒక గోలీకి మొఖం ఉబ్బుతది, ఆకలి మస్తయితది. ఇంకొకటి మలేరియా గోలీ. మందుల షాపాయన, ఇన్నేండ్ల సంది మలేరియానా అని, నేను పోతే లేచి నిలబడతడు."

మర్నాడు సత్యరాజు డ్యూటీకి పోతూ గేటు దగ్గర ఆగాడు. "మామా, నువ్వు నిమ్మళంగ ఎప్పుడుంటవు? మనోళ్లను ఊకె ఎప్పుడు ఇడుస్తవు?"

పెంటయ్య ఇది మేనేజరు అడిగించిన ప్రశ్న అనుకుని జాగ్రత్తగా జవాబు చెప్పాడు. "నీడకు కూసోబెట్టి, యాళ్లకింత బువ్వ పెట్టి, నిద్ర పోనిస్తే ఎవ్వల్నేమన. ఎండల నిలబెడితే మాత్రం మా అయ్యనైనా ఇడ్వ."

సత్యరాజుకు ఆ బీమారి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

జూన్‌లో మొదటి వాన పడింది. సాయంత్రం పటాన్‌చెరు బస్టాండులో జనం గొడుగులు తెరిచారు, లేనివాళ్లు టీకొట్టు కిందికి ఉరికారు. సుకుమారి గొడుగు మూసింది. మూసి, వానలోకి వచ్చి నిలబడింది. కొంగు జారితే సర్దుకోలేదు. ఆకాశం నిండా మబ్బు ఉన్న ఆ పూట ఆమె ముఖం అందరి ముఖాల్లాగే బయట ఉంది.

సత్యరాజు వచ్చి పక్కన నిలబడ్డాడు. "గొడుగు ఖరాబైందా?"

"లేదు. వానకు నాకు దుష్మని లేదు."

చినుకులు ఆమె ముక్కు మీదుగా కారుతున్నాయి. సత్యరాజు చూడకూడదనుకుంటూ చూశాడు.

"నన్ను పెండ్లి చేసుకుంటవా?" అన్నాడు.

మెల్లగానే అడిగాననుకున్నాడు. టీకొట్టు కింద ఉన్నవాళ్లంతా ఆమె జవాబు కోసం ఇటు తిరిగారు. కొట్టాయన పంపు స్టవ్వుకు గాలి కొట్టడం ఆపాడు.

"వద్దు," అంది సుకుమారి.

"ఎందుకు?"

"పొద్దున లేస్తే వేళ్లు వంగవు. రొట్టెలు చెయ్యలేను."

"నేను చేస్త."

"పిల్లల సంగతి, బీమారి నిమ్మళంగున్నప్పుడు అడిగి చూడాలన్నడు డాక్టరు. పుట్టకపోవచ్చు."

"సరె."

"ఎన్నేండ్లుంటనో తెల్వదు. అడిగితే డాక్టరు చెప్పలేదు."

"నేనెన్నేండ్లుంటనో నాకు తెల్వదు. మా ఫ్యాక్టరీల క్రేన్ తాడు చూసినవా నువ్వు?"

సుకుమారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వానలో రెండూ ఒక్కలాగే కనబడ్డాయి. అతనంటే ఆమెకు చాలా ఇష్టం. టిఫిను డబ్బా పెట్టిన రోజు నుంచీ ఇష్టం. కానీ దాచిపెట్టి చేసిన పెళ్లి, బయటపడ్డ రోజు తనను వాకిట్లో నిలబెడుతుందని భయం. మెదక్‌లో ఒక సంబంధం అట్లాగే తప్పిపోయింది.

"మీ అమ్మకు చెప్పు. అన్నీ చెప్పు. ఆమె తెలిసి ఒప్పుకుంటెనే. తెల్వక ఒప్పుకున్నది నాకు లెక్క కాదు."

"చెప్త," అన్నాడు సత్యరాజు. కొట్టాయన మళ్లీ స్టవ్వుకు గాలి కొట్టాడు.

సత్యరాజు తల్లి మార్తమ్మ. భర్త పోయాక, నిజామాబాద్ దిక్కు ఒక మిషన్ కుష్ఠు దవాఖానలో వంట చేసి కొడుకును పెంచింది. ఏ డాక్టరు చూడకముందే మచ్చ చూసి చెప్పగలనని ఆమెకు గట్టి నమ్మకం. రోగులతో కూర్చుని తిన్నది, వాళ్ల పిల్లల్ని ఎత్తుకున్నది. ఆ రోగానికి మిగతా ప్రపంచమంతా ఎందుకు భయపడుతుందో ఆమెకు ఎన్నడూ అంతుపట్టలేదు.

సత్యరాజు ఆమెకు చెప్పాడు. "మొఖం మీద మచ్చలొస్తయమ్మా. వేళ్లకు గూడ తకలీఫ్. ఏండ్లకేండ్లు గోలీలు మింగాలె. అంటుకోదు."

"నాకు చెప్తున్నవారా?" అంది మార్తమ్మ. "అంటుకోదని ఊరందరికి చెప్పిందే నేను."

అతనికి గుండెల మీద బరువు దిగింది. అంత సులువుగా దిగిన బరువును మళ్లీ ఎత్తి చూడాలని ఎవరికీ అనిపించదు. పేరు చెప్పకుండానే ఊరుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మార్తమ్మ కొడుకును వెంటబెట్టుకుని జ్ఞానప్రకాశం సారు ఇంటికి వచ్చింది. చాయ్ తాగింది. సుకుమారిని దగ్గర కూర్చోబెట్టుకుని చెంపల వైపు చూసింది, చెవి తమ్మెలు వత్తింది, మోచేతి వెనక తడిమింది.

"కండ్లు మూస్కో బిడ్డా," అంది.

మా ఇళ్లలో ఎవరైనా పెద్దవాళ్లు కళ్లు మూసుకోమంటే దాని అర్థం ఒక్కటే, ప్రార్థన. సుకుమారి మూసుకుంది. సారు చాయ్ కప్పు కింద పెట్టి మూసుకున్నాడు. సత్యరాజు తల కూడా వంచాడు. మార్తమ్మ కొంగుముడిలోంచి కోడి ఈక తీసి, సుకుమారి చెంప మీద మచ్చకు మెల్లగా తాకించింది. సుకుమారి ఈగ అనుకుని తోలుకుంది. ఇంకో చెంపకు తాకించింది. మళ్లీ తోలుకుంది. మచ్చకు స్పర్శ ఇంకా పోలేదని మార్తమ్మకు తేలింది. ఈక ముడేసుకుంది.

"దేవునికి స్తోత్రం," అంది.

"ఆమెన్," అన్నారు ముగ్గురూ.

"నాకంతా తెలిసింది," అంది మార్తమ్మ. "ఇంకా మొదట్లనే ఉన్నది. పరేషాన్ కావద్దు బిడ్డా. అయ్యగారితోటి చెప్పి చర్చిల చదివియ్యున్రి."

సుకుమారి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. తెలిసి ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె.

దసరా సెలవుల్లో పెళ్లి. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. చదివి, ఈ ఇద్దరూ ఒకటి కాకూడదనడానికి కారణం తెలిసినవాళ్లు లేచి చెప్పండని పాస్టరు అయ్యగారు అడుగుతాడు. ఎవరూ లేవరు. సుందర్‌రాజు అయ్యగారు అడిగి, ఒక్కసారి దగ్గి, పాట సంఖ్య చెప్తాడు. మొదటి ఆదివారం దగ్గాడు. రెండో ఆదివారం దగ్గాడు.

ఆ రెండో ఆదివారమే, ఆరాధన అయ్యాక, అయ్యగారి భార్య సౌభాగ్యమ్మ, "కోడలు మంచిగున్నదా?" అని మార్తమ్మను పలకరించింది.

"మంచిగున్నది. కుష్ఠు ఉన్నది, గంతే. గోలీలు తింటె పోతది."

దాచుకోవాల్సిన మాట అని మార్తమ్మకు తోచలేదు. సౌభాగ్యమ్మ ఆ సంగతి ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఒక్కరికే చెప్పారు. మా సంఘంలో మాట అంటే మాటే. శుక్రవారానికి బస్సులో సుకుమారి పక్కన ఎవరూ కూర్చోలేదు. శనివారం బడిలో ఆయా రాజవ్వ, ఆమె తాగిన గ్లాసును పొరక పుల్లతో పక్కకు జరిపింది.

"ఏమైంది రాజవ్వా?"

"ఏం లేదు టీచరమ్మా. మీ అత్తనే చెప్పిందట. కుష్ఠని."

సుకుమారి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. ఊరు అనుకున్న మాటకు కాదు, మార్తమ్మ ఒప్పుకున్నది వేరే బీమారికని తెలిసినందుకు. సత్యరాజును అడుగుదామంటే అతనికి శుక్రవారం నుంచీ డబుల్ డ్యూటీ పడింది, ఫ్యాక్టరీలోనే ఉన్నాడు.

మూడో ఆదివారం ఆడవాళ్ల వైపు చాపల మీద సుకుమారి చుట్టూ నలుగురు పట్టేంత జాగా ఖాళీగా ఉంది. మామూలుగా మా చర్చిలో మోకాలు పెట్టడానికి చోటు దొరకదు. సత్యరాజు డ్యూటీ దిగి, నూనె మరకల యూనిఫాంతోనే వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అయ్యగారు పేర్లు చదివాడు. కారణం తెలిసినవాళ్లు లేవండన్నాడు. దగ్గబోయాడు.

"నాకు అభ్యంతరం ఉన్నది," అంది సుకుమారి.

దగ్గు అయ్యగారి గొంతులోనే ఉండిపోయింది.

"అమ్మా, నీ పెండ్లే గద."

"అందుకే అయ్యగారూ. మార్తమ్మగారు నాకు కుష్ఠనుకొని ఒప్పుకున్నరు. నాకున్నది కుష్ఠు కాదు. లూపస్. మీరందరు దూరం కూసోనక్కరలేదు, అంటుకోదు. కాని కుష్ఠు గోలీలతోటి పోతది. ఇది పోదు. ఆమెకు తెల్వకుండ వాళ్ల ఇంటికి రాను. తెలిసి వద్దంటే నేనేమనుకోను."

చివరి మాట అబద్ధం. ఆమె చేతులు కొంగును మెలిపెడుతున్నాయి.

వెనక తలుపు దగ్గర నుంచి సత్యరాజు, "నాకైతే అభ్యంతరం లేదయ్యగారూ," అన్నాడు. అది రోడ్డు మీది దాకా వినబడి ఉంటుంది.

మార్తమ్మ మెల్లగా లేచింది. కొడుకు వైపు చూసింది, సుకుమారి వైపు చూసింది.

"కుష్ఠు కాదా?"

"కాదు."

"అయ్యో, కుష్ఠయినా బాగుండు," అంది మార్తమ్మ. మా సంఘంలో ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే. "దాని సంగతి నాకు ఎర్క. దీనికేం చెయ్యాలె?"

"గోలీలు మింగాలె. అలసిపోవద్దు. నెత్తురు పరీక్షలు చేయించుకోవాలె. ఎండల తిరగద్దు."

"తగ్గుతదా?"

"తగ్గుతది. మళ్ల లేస్తది."

"లేస్తే?"

"అప్పుడు నాకు ఎవరన్నా కావాలె," అంది సుకుమారి. అంతమంది ముందు ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు.

సత్యరాజు తలుపు రెక్కను పట్టుకున్నాడు. అయ్యగారు పాటల పుస్తకం తెరిచి మూశాడు.

"అయ్యగారూ," అంది మార్తమ్మ, "నాకు గూడ ఒక అభ్యంతరం ఉన్నది."

సుకుమారి కళ్లు మూసుకుంది. ఈసారి ప్రార్థనకే.

"పెండ్లి పొద్దున పదకొండు గంటలకు పెట్టిన్రు. పిల్లకు ఎండ పడదంటుంటె గదేం టైము? సాయంత్రం ఆరింటికి పెట్టున్రి."

"కార్డులు అచ్చయినయమ్మా."

"కార్డులకు ఎండ తగిల్తే ఏం కాదు."

అని, ఆ ఖాళీ జాగా దాటి వెళ్లి సుకుమారి పక్కన చాప మీద కూర్చుంది. "నాకు తెల్వని రోగం బిడ్డా," అంది. "నువ్వు చెప్తుండు. నేర్చుకుంట." అయ్యగారు అప్పుడు దగ్గాడు.

పెళ్లి దీపాలు పెట్టే వేళకు జరిగింది. పెళ్లికూతురి ముఖం గోలీలకు ఉబ్బి ఉంది. ఫోటో తీసేవాడు, కొంచెం తిరగమ్మా అంటే, ఎటు తిరిగినా ఇంతే ఉంటది అంది. పెంటయ్య గేటు దగ్గర తనకు అలవాటైన చోట నిలబడి, వచ్చినవాళ్లందర్నీ ఎవరి తరఫు అని అడిగాడు.

కోత పండుగ మళ్లీ వచ్చింది. అంతకు రెండ్రోజుల ముందే సుకుమారికి బీమారి లేచింది. మోకాళ్లు వాచాయి, జ్వరం. హైదరాబాద్ తీసుకుపోయి చూపించుకొచ్చారు. డాక్టరు గోలీ పెంచాడు. ఆదివారం ఆమె ఇంట్లో పడుకుంది, మార్తమ్మ పక్కన కూర్చుంది. నువ్వు పోకుంటే కోళ్లు అమ్ముడుపోవని చెప్పి సత్యరాజును ఇద్దరూ పంపించారు.

హర్రాజులో గుమ్మడికాయ వచ్చింది. సత్యరాజు ఎత్తి పట్టుకుని అరిచాడు. ఎవరూ పాడలేదు. మళ్లీ అరిచాడు. మేమంతా చర్చి తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. గడప ఖాళీగా ఉంది. చివరికి అతనే పాడి, అతనే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనుకుని, కాయను భుజాన పెట్టుకుని మధ్యాహ్నపు ఎండలో ఇంటికి నడిచాడు.

సుకుమారి మంచం మీద లేచి కూర్చుంది. "ఎంతకు పాడినవు?"

"మొదటి పాటకే. పోటీకి ఎవ్వరు రాలే."

"ఎందుకు?"

"అది నీదట."

సుకుమారి గుమ్మడికాయ మీద చెయ్యి పెట్టింది. అది ఎండకు వెచ్చగా ఉంది. వేళ్లకు ఆ వెచ్చదనం హాయిగా తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముఖం తిప్పుకోలేదు.

"వచ్చే ఏడు నేనే వచ్చి పాడుత," అంది.

"గడప దాక రా. చాలు."

"ఆణ్నుంచి?"

"నేను తెచ్చిస్త."